కృంగినవాడికి ఒక ఇల్లు

నర్సింగ్ చదివే అమ్మాయి ఒక్కరైనా లేని సంఘం మన తెలుగు క్రైస్తవుల్లో అరుదు. ఆ చదువులో మానసిక రోగుల సేవ కూడా ఒక భాగం. లోకం పిచ్చాసుపత్రి అని పిలిచే చోట కొన్నాళ్లు వార్డుల్లో పనిచేశాక, కమ్యూనిటీ పోస్టింగ్ పేరుతో ఆ పిల్లల్ని ఊళ్లకూ బస్తీలకూ పంపుతారు. వార్డులో రోగి అంటే ఒక మంచం, ఒక కేసు షీటు. ఊళ్లో అదే రోగి ఒకరికి కొడుకు, ఒకరికి భార్య, ఇంకొకరికి పక్కింటి మనిషి. మాత్ర ఎవరు వేయిస్తున్నారు, అన్నం ఎవరు పెడుతున్నారు, పండగనాడు అందరితో కూర్చోనిస్తున్నారా లేక చుట్టాలొస్తే వెనక గదిలో దాచేస్తున్నారా అన్నవి అక్కడే కనబడతాయి. రోగం ఆసుపత్రిలో నెమ్మదించవచ్చు గానీ మనిషి కుదుటపడేది ఇంట్లో, వీధిలో, తనవాళ్ల మధ్యలోనేనని ఆ పిల్లలు అక్కడ నేర్చుకుంటారు.

ఇదే పాఠాన్ని రెండున్నర శతాబ్దాల క్రితం ఇంగ్లండులోని ఒక చిన్న ఊరి విశ్వాసులు తమ జీవితాలతో నేర్పారు. అప్పటికి నర్సింగ్ స్కూళ్లు లేవు. ఫ్లారెన్స్ నైటింగేల్ లండన్‌లో నర్సుల శిక్షణ ఆరంభించింది 1860లో. అంతకు దాదాపు వందేళ్ల ముందే ఓల్నీ అనే ఆ ఊరు ఒక రోగిని గుండెల్లో పెట్టుకుని కాపాడుకుంది. ఆ రోగి ఇంగ్లీషు సాహిత్యంలో పేరెన్నికగన్న కవి, క్రైస్తవ లోకమంతా పాడుకునే కీర్తనల రచయిత విలియం కూపర్.

కూపర్ 1731 నవంబరులో బర్కంస్టెడ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి ఆ ఊరి సంఘకాపరి. ఆరేళ్లు నిండే వేళకే తల్లి చనిపోయింది. ఆ తర్వాత పంపిన హాస్టలు బడిలో ఒక పెద్ద కుర్రాడు అతన్ని ఎంతగా హింసించాడంటే, అతని ముఖం వైపు చూసే ధైర్యం లేక ఆ పసివాడు అతని బూట్ల బకిల్స్ చూసి మనిషిని గుర్తుపట్టేవాడట. పెద్దయ్యాక లండన్‌లో న్యాయవిద్య చదివాడు. ఇరవై దాటిన కొత్తలోనే మొదటిసారి తీవ్రమైన కృంగుదలకు లోనయ్యాడు. వరసకు దగ్గరి బంధువైన థియోడోరాను ప్రేమిస్తే ఆమె తండ్రి ఆ పెళ్లికి ఒప్పుకోలేదు.

1763లో, ఆయనకు ముప్పై ఒకటో ఏట, పార్లమెంటులోని ప్రభువుల సభలో ఒక మంచి ఉద్యోగం వచ్చే అవకాశం కలిగింది. అయితే ఆ నియామకం వివాదంలో పడింది. సభ ముందు నిలబడి అర్హత పరీక్షకు జవాబు చెప్పాలన్నారు. మనలో చాలామందికి అది ఒక పూట గాభరా. కూపర్‌కు మాత్రం అది నెలల తరబడి నిద్రలేని నరకమైంది. చివరికి ప్రాణం తీసుకోవాలని ప్రయత్నించాడు. దేవుని కృప వల్ల ఆ ప్రయత్నం ఫలించలేదు గానీ, తాను క్షమించరాని పాపం చేశానన్న భయం ఆయన మనసును పట్టుకుంది.

ఆ రోజుల్లో మానసిక రోగుల గతి ఎలా ఉండేదో తెలిస్తే కూపర్ ఎంత పెద్ద ప్రమాదం తప్పించుకున్నాడో అర్థమవుతుంది. లండన్‌లోని బెత్లెమ్ ఆసుపత్రికి జనం వినోదం కోసం రోగులను చూడటానికి వెళ్లేవారు. 1770 వరకూ ఆ ఆచారం సాగింది. గొలుసులు, దెబ్బలు మామూలే. కూపర్ తమ్ముడు జాన్ అన్నను అలాంటి చోటికి పంపలేదు. సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్లో డాక్టర్ నథానియేల్ కాటన్ నడుపుతున్న చిన్న వైద్యశాలలో చేర్చాడు. కాటన్ వైద్యుడు, కవి, దైవభక్తి గలవాడు. రోగిని మనిషిగా చూసేవాడు. అక్కడే 1764 వేసవిలో కూపర్ బైబిలు చేతిలోకి తీసుకున్నాడు. మొదట తోటలోని బెంచీ మీద కనబడిన బైబిల్లో లాజరును లేపిన ఘట్టం చదివాడు. తర్వాత రోమా పత్రిక 3:25 చదువుతున్నప్పుడు, క్రీస్తు రక్తం తన కోసం కూడా చిందిందన్న నమ్మకం ఆయనలో మేలుకుంది. వైద్యుడి చేతినీ దేవుని వాక్యాన్నీ ఒకే కప్పు కింద పొందిన మనిషి ఆయన. ఈ రెంటికీ పోటీ పెట్టే మనం ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

1765 జూన్‌లో ఆయన ఆ వైద్యశాల విడిచాడు. వస్తూ వస్తూ అక్కడ తనను కనిపెట్టుకుని ఉన్న సామ్ రాబర్ట్స్ అనే సహాయకుణ్ణి వెంట తెచ్చుకున్నాడు. ఆసుపత్రిలో పరిచర్య చేసిన మనిషి రోగితో పాటు ఊళ్లోకి నడిచి వచ్చి, ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన దగ్గరే ఉన్నాడు. సొంత సంపాదన లేని కూపర్‌కు బంధువులు ఏటా తలా కొంత పంపేవారు. తమ్ముడు కేంబ్రిడ్జిలో ఉండటంతో దానికి దగ్గర్లోని హంటింగ్డన్‌లో గది తీసుకున్నాడు.

కొత్త ఊళ్లో ఒంటరితనం ఆయన్ని మళ్లీ మింగేదే. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక చెట్ల కింద ఒక్కడే నడుస్తున్న కూపర్‌ను విలియం అన్విన్ అనే యువకుడు పలకరించాడు. ఆ యువకుడి తండ్రి మోర్లీ అన్విన్ సంఘ సేవకుడు, తల్లి పేరు మేరీ. ఆ పలకరింపుతో పరిచయం పెరిగి, 1765 నవంబరుకల్లా కూపర్ వాళ్లింట్లోనే అద్దెకు చేరాడు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఒంటరిగా నిలబడే కొత్త ముఖాలు మన సంఘాల్లోనూ ఉంటాయి. ఒక యువకుడి పలకరింపు ఒక మనిషికి జీవితకాలపు ఇంటిని ఇచ్చింది.

1767లో మోర్లీ అన్విన్ గుర్రం మీది నుంచి పడి చనిపోయాడు. ఆ కుటుంబాన్ని ఓదార్చడానికి వచ్చినవాడు జాన్ న్యూటన్. ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్, అప్పటికి ఓల్నీ సంఘకాపరి. ఆయన పిలుపు మీద మేరీ, కూపర్ ఓల్నీకి తరలివచ్చారు. వాళ్ల ఇంటికీ న్యూటన్ ఉండే పార్సనేజీకీ మధ్య ఒక తోట అడ్డం. తోట గుండా నడిచే హక్కు కోసం ఆ రెండు ఇళ్లవాళ్లు యజమానికి ఏడాదికి ఒక గినీ కట్టేవారు. చుట్టూ తిరిగి వెళ్లకుండా ఒకరి గుమ్మంలోకి ఒకరు వెంటనే చేరాలని వాళ్లు డబ్బిచ్చి కొనుక్కున్న దారి అది.

ఓల్నీ లేసు అల్లే పేదల ఊరు. న్యూటన్‌తో కలిసి కూపర్ ఆ ఇళ్లకు వెళ్లి రోగులను పరామర్శించేవాడు, ప్రార్థన కూడికల్లో ప్రార్థించేవాడు. ఆ కూడికల కోసమే ఇద్దరూ కీర్తనలు రాశారు. 1779లో వెలువడిన ఓల్నీ కీర్తనల పుస్తకంలోని 348 కీర్తనల్లో అరవై పైచిలుకు కూపర్‌వి. క్రీస్తు రక్తపు ఊట గురించి, దేవుని మార్గాలు మన బుద్ధికి అందని వైనం గురించి ఆయన రాసిన రెండు కీర్తనలు ఇంగ్లీషు ఆరాధనలు జరిగే మన సంఘాల్లో ఇప్పటికీ వినబడతాయి.

ఇక్కడితో కథ ముగిస్తే ఎంత చక్కని సాక్ష్యం! రోగం వచ్చింది, రక్షణ దొరికింది, పాటలు పుట్టాయి. మన సాక్ష్యాల కూడికల్లో మనం వినగోరేది ఇలాంటి కథే. కానీ కూపర్ జీవితం అలా సాగలేదు.

1773 జనవరి 1న న్యూటన్ తన సంఘానికి ఇచ్చిన సందేశం కోసం రాసిన కీర్తనే ఇప్పుడు అమేజింగ్ గ్రేస్‌గా లోకమంతా ఎరిగినదని చెబుతారు. కృపను గురించిన ఆ పాట పుట్టిన ఆ రోజుల్లోనే కూపర్ మళ్లీ కుప్పకూలాడు. అర్ధరాత్రి కబురందుకుని న్యూటన్ దంపతులు తోట దాటి పరుగున వచ్చారు. కొన్ని వారాలకు, దేవుడు తనను శాశ్వతంగా త్రోసివేశాడని చెప్పే ఒక కల ఆయనకు వచ్చింది. ఆ నమ్మకం ఇక ఆయన్ని విడిచిపెట్టలేదు. ఆ తర్వాత మరో ఇరవై ఏడేళ్లు బతికినా ఆయన గుడి గడప తొక్కలేదు. భోజనం ముందు ప్రార్థనలో కూడా పాలుపొందేవాడు కాదు. ఇతరులకు కృప ఉందని ఒప్పుకునేవాడు, తనకు మాత్రం లేదనేవాడు. అది అవిశ్వాసం కాదు, తిరుగుబాటూ కాదు. కాలు విరిగినవాడు నడవలేనట్టే, ఆ మనసు నమ్మలేకపోయింది.

అప్పుడు న్యూటన్ ఏం చేశాడు? 1773 ఏప్రిల్‌లో కూపర్ పార్సనేజీకి వచ్చి, ఇక అక్కడి నుంచి కదలనన్నాడు. న్యూటన్ దంపతులు వెళ్లమనలేదు. సుమారు పదమూడు నెలలు కూపర్‌నూ మేరీనీ తమ ఇంట్లో ఉంచుకున్నారు. ఒక సంఘకాపరి ఇంటికి అది తేలిక కాలం కాదు. పగలు సంఘం పని, రాత్రి రోగికి కాపలా. ఆ ఏడాది అక్టోబరులో కూపర్ మళ్లీ ప్రాణం తీసుకోబోయాడు. న్యూటన్ ఆయన కోసం ప్రార్థించాడు, సెయింట్ ఆల్బన్స్‌లోని డాక్టర్ కాటన్ సలహా కూడా తీసుకున్నాడు. ప్రార్థన చేస్తున్నాం కదా, డాక్టరెందుకు అని ఆయన అనుకోలేదు. డాక్టరున్నాడు కదా, నా పనేముందని కూడా అనుకోలేదు.

మేరీ గురించి చెప్పకుండా కూపర్ జీవితం చెప్పలేం. ఆయనకన్నా ఏడేళ్లు పెద్దది. విధవరాలు, పెళ్లికాని మగవాడు ఒకే ఇంట్లో ఉంటే ఊరు ఊరుకుంటుందా? గుసగుసలు వచ్చాయి. 1772లో ఇద్దరూ పెళ్లి చేసుకోవాలని నిర్ణయించుకున్నారు గానీ మరుసటి ఏడాది వచ్చిన జబ్బుతో ఆ తలంపు ఆగిపోయింది. మేరీ మాత్రం ఆగలేదు. రోగం ముదిరిన రోజుల్లో ఆయన తన భోజనంలో విషం కలిపారని అనుమానించాడు, ఆమె తనను ద్వేషిస్తోందని భ్రమించాడు. అయినా ఆమె పక్కనే ఉంది. 1787లో మరోసారి జబ్బు తిరగబెట్టినప్పుడు సమయానికి చేరి ఆయన ప్రాణం కాపాడినది ఆమే. ఆమెకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, జీతం ఇవ్వలేదు. ఆమె చేసినదంతా నర్సు పనే.

1774లో కాస్త తేరుకున్న కూపర్‌ను మళ్లీ బతుకులోకి తెచ్చినవి చిన్న చిన్న పనులు. పొరుగింటి పిల్లలు పెంచలేక వదిలేసిన ఒక కుందేలు పిల్లను ఆ ఇంటివారు ఆయనకిచ్చారు. ఆ సంగతి తెలిసి ఊళ్లోవాళ్లు ఇంకొన్ని కుందేళ్లు తెచ్చారు. వాటిలో మూడింటిని ఉంచుకుని పస్, టైనీ, బెస్ అని పేర్లు పెట్టాడు. వాటికి గూళ్లు చేయడం కోసం వడ్రంగం నేర్చుకున్నాడు. పస్‌కు జబ్బు చేస్తే దగ్గరుండి సేవ చేసి బతికించాడు. అది దాదాపు పన్నెండేళ్లు బతికింది. తోటలో దోసపాదులు పెట్టాడు, బొమ్మలు గీశాడు. ఇతరుల సేవ పొందుతున్న మనిషికి తాను సేవ చేయడానికి ఒక ప్రాణి దొరికింది. రోగి చేతికి పని ఇవ్వడం ఒక మందు అని ఇప్పటి నర్సులు నేర్చుకుంటారు. ఓల్నీ ఆ సంగతి కుందేళ్ల ద్వారా తెలుసుకుంది.

1780లో న్యూటన్ లండన్ సంఘానికి బదిలీ అయ్యాడు. ఉత్తరాలు మాత్రం ఆపలేదు. ఆ ఏడాది చివర్లో మేరీ ఒక పెద్ద కావ్యం రాయమని కూపర్‌ను ప్రోత్సహించింది. అలా యాభై ఏళ్ల వయసులో, 1782లో, ఆయన మొదటి కవితా సంపుటి వెలువడింది. అదే ఏడాది ఆయన దిగులు చూసి లేడీ ఆస్టెన్ అనే స్నేహితురాలు ఒక హాస్య కథ చెబితే, రాత్రంతా నవ్వుకుని దాన్నే జాన్ గిల్పిన్ అనే గేయంగా మలిచాడు. దేశమంతా నవ్విన ఆ గేయం రాసింది ఒక డిప్రెషన్ రోగి అని చాలామందికి తెలియదు. 1785లో ది టాస్క్ అనే కావ్యం ఆయన్ని దేశంలోని అగ్రశ్రేణి కవుల్లో నిలబెట్టింది. 1788లో, న్యూటన్ బానిస వ్యాపారం మీద తన పశ్చాత్తాపాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసిన ఏడాదే, కూపర్ కూడా ఆ పాపాన్ని ఖండిస్తూ కవితలు రాశాడు. ఓల్నీ పేదల కోసం ఒక ధనికుడు తన పేరు బయటపెట్టకుండా పంపిన డబ్బును ఇళ్లకు చేర్చింది కూపర్, మేరీలే. దేవుడు తనను విడిచాడని నమ్మిన మనిషి చేతుల మీదుగా దేవుడు పేదలకు దుప్పట్లు, రొట్టెలు అందించాడు!

కాలం తిరిగింది. 1791 చివర్లో మేరీకి పక్షవాతం వచ్చింది. 1792లో మళ్లీ వచ్చింది. ఆమె మాట, నడక దెబ్బతిన్నాయి. అప్పుడు కూపర్ చేతిలోని రచనలు పక్కన పెట్టి ఆమెకు నర్సు అయ్యాడు. చేయి పట్టుకుని నడిపించేవాడు, పక్కన కూర్చుని చదివి వినిపించేవాడు. 1794లో ఆయన మళ్లీ మౌనంలోకి జారిపోయి, రోజుల తరబడి కుర్చీలోంచి కదలకపోతే, ఎవరు చెప్పినా వినలేదు. చివరికి సరిగా నడవలేని మేరీ, తనకు కాస్త బయట తిరగాలని ఉందని మెల్లగా అంది. ఆయన వెంటనే లేచి ఆమెకు చేయి అందించాడు. తన కోసం లేవలేనివాడు ఆమె కోసం లేచాడు. ఏళ్ల తరబడి ఒక రోగిని ప్రేమించినవారికే తెలిసే కిటుకు అది.

అదే ఏడాది రాజు ఆయనకు సంవత్సరానికి 300 పౌండ్ల పింఛను మంజూరు చేశాడు. దాన్ని సంతోషంగా అందుకునే స్థితిలో ఆయన లేడు. 1795లో తల్లి తరఫు బంధువైన జాన్ జాన్సన్ అనే యువ సేవకుడు ఇద్దర్నీ నార్ఫోక్ ప్రాంతానికి తీసుకెళ్లి సొంత తల్లిదండ్రుల్లా చూసుకున్నాడు. 1796 డిసెంబరులో మేరీ కన్నుమూసింది. 1800 ఏప్రిల్ 25న ఈస్ట్ డీరమ్ అనే ఊళ్లో కూపర్ కూడా ప్రభువు చెంతకు చేరాడు. చివరి వరకూ ఆయన భయం తీరలేదు. అయితే చనిపోయాక ఆ ముఖంలో కలవరం పోయి, ఆశ్చర్యంతో కూడిన ప్రశాంతత కనబడిందని దగ్గరున్న జాన్సన్ చెప్పాడు.

ప్రియులారా, ఈ జీవితం మనకు ఇబ్బందికరమైన ప్రశ్న వేస్తోంది. స్వస్థత రాని విశ్వాసిని మన సంఘం ఎంతకాలం భరిస్తుంది? మొదటి నెల అందరం ఉపవాస ప్రార్థన చేస్తాం. రెండో నెల దయ్యమేమో అంటాం. మూడో నెల వారి ఇంట్లో ఏదో పాపం ఉందంటాం. ఏడాది తిరిగేసరికి ఆ ఇంటి గడప తొక్కేవారుండరు. ప్రార్థన చాలు, మాత్రలు మానెయ్యమని సలహా ఇచ్చి, రోగం తిరగబెట్టాక ముఖం చాటేసినవారు మనలో లేరా? మానసిక వ్యాధి కూడా షుగరు, బీపీల్లా వైద్యం కావలసిన వ్యాధే. దాన్ని విశ్వాసానికి కొలబద్ద చేస్తే, కూపర్ కీర్తనలు పాడే అర్హత మనకు ఉండదు.

1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవుడు ఆయనకు ముందుగా ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్లు పంపాడు, ప్రయాణం కష్టమైనదని ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే మాట్లాడాడు. మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధుల మధ్య బతికినవాణ్ణి బాగుచేశాక యేసుప్రభువు అతన్ని పంపింది తన ఇంటికి, తనవారి దగ్గరికి. మనిషిని ఇంటికి చేర్చేదాకా ప్రభువు పని పూర్తయినట్టు ఎంచలేదు.

మన దేశంలోనూ ఈ దారి వేసినవారున్నారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో ఆరంభించిన మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు ఇంటివాళ్లు కూడా ఉండి సేవ నేర్చుకునే పద్ధతి పెట్టారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగికి సమాజం మధ్యలో బతికే హక్కు ఉందని చెప్పింది. ప్రాణం తీసుకోబోయినవారిని నేరస్థులుగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు మన చర్చి నోటీసు బోర్డు మీద ఉందా?

చట్టం హక్కు ఇవ్వగలదు గానీ పక్కన కూర్చోలేదు. అది సంఘం పని. కమ్యూనిటీ పోస్టింగ్‌కు వెళ్లొచ్చిన మన ఆడపిల్లల్ని ఒక ఆదివారం సాయంత్రం కూర్చోబెట్టి, వాళ్లు చూసినదేమిటో చెప్పమందాం. మన పేటలో అలాంటి ఇల్లు ఏదో తెలుసుకుని వెళ్దాం. రోగితో పాటు, ఏళ్ల తరబడి కంటిమీద కునుకు లేకుండా కనిపెట్టుకున్న తల్లినో భార్యనో కూడా పలకరిద్దాం. ఒక పూట ఆమెకు బదులు మనం కూర్చుందాం. మేరీ కూడా చివరికి అలసి ఒరిగిపోయిందని మరచిపోవద్దు. గలతీ పత్రిక 6:2 భారాలు మోయమని చెప్పింది ఇలాంటి పూటల గురించే.

ఓల్నీలో కూపర్ నివసించిన ఇల్లు 1900 నుంచి ఆయన పేరిట, న్యూటన్ పేరిట మ్యూజియంగా నిలిచి ఉంది. ఆ ఇంటివారు కూపర్ రోగాన్ని బాగుచేయలేకపోయారు. ఆయన్ని మాత్రం వదల్లేదు. తనను దేవుడు పట్టుకుని లేడని నమ్మిన మనిషిని దేవుడు మేరీ చేతులతో, న్యూటన్ చేతులతో, సామ్ చేతులతో ముప్పై ఏళ్లకు పైగా పట్టుకునే ఉన్నాడు. కృంగినవారి విషయంలో ప్రభువు మన చేతులను కూడా అలాగే వాడుకొనును గాక.